నడిమి మడి మొక్కు

మొన్న శనివారం పొద్దున మా గల్లీలోకి పందులు పట్టేవాళ్లు వచ్చారు. అప్పుడు మా ఇంట్లో ఆడవాళ్ల కూటం జరుగుతోంది. మురుగు కాలువ పక్కన ఒక ఆడపందిని వలలో చుట్టి, నాలుగు కాళ్లూ కలిపి తాడుతో బిగిస్తుంటే అది పెట్టిన అరుపుకు ప్రార్థనలో ఉన్నవాళ్లంతా కళ్లు తెరిచారు. ప్రార్థన నడిపిస్తున్న నేను తెరవలేదు, కానీ నోట్లో మాట ఆగిపోయింది. ఆ అరుపు నన్ను నిజామాబాద్‌లోని ఈ రేకుల వరండాలోంచి లేపి, బోధన్ అవతల, కాలువ కింది చెరకు తోట గట్టు మీద నిలబెట్టింది. ఎదురుగా మోకాలి మీద వంగి మా బాపు ఉన్నాడు.

"ఏమైందక్కా, ప్రార్థన నడుమల ఆపినవు?" అని అడిగారు.

ఏమీ లేదన్నాను. ఇన్నేళ్లుగా ఆ మాటే చెబుతున్నాను. సంఘంలో నేను చెప్పని సాక్ష్యం లేదు. జ్వరం తగ్గితే చెప్పాను, వాన కురిస్తే చెప్పాను, కడుపులో గడ్డ కరిగితే చెప్పాను. ఈ ఒక్కటి మాత్రం చెప్పలేదు. మా అవ్వ, నన్ను కన్న తల్లి, పోయిన ఏడాది ప్రభువులో నిద్రించింది. ఇక చెబితే నొచ్చుకునేవాళ్లు లేరు.

బాపు ఒక క్యాంపు రైతు దగ్గర చెరకుకు నీళ్లు కట్టేవాడు. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొన్నవాళ్ల ఊళ్లను మా వైపు క్యాంపులంటారు. ఏడాదిలో ముప్పాతిక భాగం ఆయన చేతిలో పార ఉండేది. చెరకు కొట్టే చలికాలంలో మాత్రం బల్లెం ఉండేది. వర్ని నుంచి కూడా మనుషులు సైకిళ్ల మీద ఆయన కోసం వచ్చేవారు.

ఎందుకంటే చెరకును నాలుగు వైపుల నుంచి కొట్టుకుంటూ లోపలికి పోతారు. తోట చిన్నదవుతున్నకొద్దీ అందులో కాపురముండే ప్రాణులన్నీ మధ్యకు జరుగుతాయి. ఆఖరికి నడుమ నాలుగిళ్లంత ముక్క మిగులుతుంది. దాన్ని నడిమి మడి అనేవాళ్లం. కుందేళ్లు, నక్కలు, ముంగిసలు, పాములు, అన్నిటికన్నా ఎక్కువ అడవి పందులు ఆ ముక్కలో ఒకదాని మీద ఒకటి పడి ఊపిరి బిగబట్టి ఉంటాయి. గట్టు మీద నిలబడితే గాలి లేకుండానే చెరకు ఆకు కదలడం కనిపించేది. పచ్చి బురద, మూత్రం, నలిగిన చెరకు కలిసిన వాసన ముక్కులో గుచ్చుకునేది. ఆ మడి మీద కత్తి వెయ్యడానికి కూలీలు ఒప్పుకోరు. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక కూలీ ఆమె కడుపును పంది కోర చీల్చింది. ఆమె తన పేగుల్ని తానే చీర కొంగులో పట్టుకుని గట్టు దాకా నడిచివచ్చి కూలిపోయింది.

బాపు బల్లెం విసిరేవాడు కాదు. విసిరేవాళ్లంటే ఆయనకు నవ్వు. మూడు వైపులా కూలీలు డబ్బాలు కొడుతూ అరుస్తారు. నాలుగో వైపు బాపు ఒక్కడే ఎడమ మోకాలు నేలకు ఆనించి, బల్లెం మొదలును కుడి పాదం కింద నొక్కి, మొన పంది ఛాతీ ఎత్తుకు పెట్టి కూర్చుంటాడు. పంది తన బరువుతో తానే వచ్చి దిగబడాలి. దిగబడ్డాక కూడా అది చావదు. కర్ర పొడుగునా పాకుతూ మనిషి మొహం దాకా రావాలని చూస్తుంది. అప్పుడు దాని కళ్లలోకి చూస్తూ కర్ర వదలకుండా ఉండాలి. నేను గట్టు మీద నుంచి చాలాసార్లు చూశాను. పంది నోటి నురుగు, నెత్తురు బాపు గడ్డం మీద పడేవి. ఆయన కన్ను ఆర్పేవాడు కాదు.

"భయం గాదా బాపు?" అని ఒకసారి అడిగాను.

"అయితది. మోకాలికి ఎర్క గావద్దు, గంతే."

కూర్చునే ముందు ఆయన చేసే ప్రార్థన ఒక్కటే: "తండ్రీ, పందిని ఇయ్యి, మనిషిని కాపాడు."

తరువాత ఎండిన చెరకు ఆకు మంట మీద పందిని కాల్చేవారు. వెంట్రుకలు కాలుతున్న కంపు పోయి, తోలు కింది కొవ్వు కరిగే కమ్మటి వాసన మొదలయ్యేది. బాపు కత్తి మొనతో చెవి అంచు కోసి, ఉప్పు అద్ది, ఊది చల్లార్చి ముందు నా నోట్లో పెట్టేవాడు. నేను ఒక్కతే సంతానం. నా ముందు ముగ్గురు పుట్టి పోయారు. అందుకో ఏమో, కాలువ కట్ట మీద నన్ను భుజాల మీద మోసుకుపోయేవాడు, చెరకు గడను తన పళ్లతో చీల్చి మెత్తటి ముక్క నాకిచ్చేవాడు. బురదలో కనిపించిన ప్రతి అడుగునూ చదవడం నేర్పేవాడు. "గిది ఉరికింది. గిది నిలవడి ఇన్నది. గిది కడుపుతోని ఉన్నది, సూడు, ఎన్క కాళ్లు ఎడంగ పడ్డయి." బాపుకు అక్షరం రాదు. నేల మీద రాసింది మాత్రం ఒక్క గీత వదలకుండా చదివేవాడు.

దేవుని వాక్యం చదివి వినిపించడం నా పని. నేను మిషన్ బడిలో నాలుగో తరగతి.

ఆ ఏడు క్రిస్మస్ వారం ఒక మధ్యాహ్నం బండి నీడన కూర్చుని, పూర్వకాలపు ఒక సేనాధిపతి కథ చదివాను. యుద్ధంలో గెలిపిస్తే, ఇంటికి తిరిగివచ్చినప్పుడు గుమ్మం దాటి మొదట ఎదురయ్యేది నీదే అని ఆయన దేవునికి మొక్కుకుంటాడు. దేవుడు గెలిపిస్తాడు. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి అవ్వ పొయ్యి మీద కాల్చిన సర్వపిండి వాసన వచ్చింది. నువ్వులు, పల్లీలు, ఎల్లిపాయ మాడే వాసన. పుస్తకం మూశాను.

"గంతేనా బిడ్డా?"

"గంతే బాపు."

"మొగోడు!" అన్నాడు బాపు తొడ చరుచుకుని. "మొక్కిండు, గెలిచిండు."

నేను సర్వపిండి కోసం పరుగెత్తాను. ఆ కథ అక్కడితో అయిపోదని సంఘంలో చదువుకున్న పెద్దవాళ్లందరికీ తెలుసు. బడికి పోనివాడు మా బాపు.

తరువాతి ఆదివారం ఆరాధనలో ఎవరి మనవి వాళ్లు లేచి చెప్పుకుంటున్నారు. బాపు లేచాడు. ఆయనకు సంఘంలో ఒక అవమానం ఉంది. అంతకు ముందటి కోత పండుగకు అందరూ గుమ్మడికాయలు, మక్క కంకులు, కోళ్లు కానుక తెస్తే, బాపు తన కష్టం కదా అని పంది తొడ ఆకుల్లో చుట్టి తెచ్చాడు. సంఘంలో పెద్ద సారు అని ఒకాయన ఉండేవాడు. రిటైరైన బడిపంతులు, వాక్యం కంఠతా వచ్చినవాడు. "దేవుని బల్ల మీద పందిమాంసమా!" అని దాన్ని బయట పెట్టించాడు. బాపు దాన్ని తిరిగి మోసుకొచ్చి కుక్కలకు వేశాడు. ఆ రోజు అన్నం తినలేదు.

ఇప్పుడు బాపు చేతులు కట్టుకుని అన్నాడు: "అయ్యగారూ, పోయినేడు కూలి ఆమె సచ్చిపోయింది. ఈ ఏడు నడిమి మడి దగ్గర ఒక్క కూలోని నెత్తురు గూడ పడకుంట ప్రభువు కాపాడితే, ఆ మడిలకెళ్లి ఏది మొదలు బయటికస్తే గది దేవునిదే. గా సేనాధిపతి లెక్క మొక్కుతున్న. ఏదైన సరే, గీ సారి బల్ల మీద పెట్టాలె."

 ఎవరో ఆడమనిషి కిసుక్కున నవ్వింది. అయ్యగారు, మా పాస్టరు, మెత్తటి మనిషి. ఆయన బల్ల వెనక నుంచి దిగివచ్చాడు. "ఆ మొక్కు వద్దు తమ్మీ. ఇంకో తీరుగ మొక్కుకో."

"మాట సంఘంలో పడింది," అన్నాడు పెద్ద సారు. "పడ్డ మాటను తీసుకోవడానికి అది ఎంగిలి ముద్ద కాదు."

ఎందుకు నవ్వారో, ఎందుకు వద్దన్నారో బాపుకు అర్థం కాలేదు. దారిలో నన్ను అడిగాడు. తెలియదన్నాను. ఇంటికి వచ్చి, గొడ్ల కొట్టంలో కూర్చుని మిగతా కథ చదివాను. గుమ్మం దాటి మొదట వచ్చింది ఆ సేనాధిపతి ఒక్కగానొక్క కూతురు. వాయిద్యం వాయిస్తూ, ఆడుతూ వచ్చింది. తండ్రి బట్టలు చింపుకుని ఏడ్చాడు. మాట తప్పలేదు. ఏటేటా ఆ దేశపు ఆడపిల్లలు నాలుగు రోజులు ఆమెను తలచుకునేవారట.

నాకు పదేళ్లు. ఆ కూతురి మీద జాలి కలగలేదు, అసూయ కలిగింది. బాపు మొక్కులో ఒక కుందేలో పందో దేవునిదైపోతుంది. గుడిలో ఆయన అంత పెద్ద మొక్కు మొక్కింది ఆ కుందేలు కోసమా? కథలో కూతురు ఉంది. నేను కూతుర్ని. బాపు నన్ను చంపుతాడని ఒక్క క్షణం కూడా అనుకోలేదు. అందరి ముందు నన్ను ఎత్తుకుని దేవునికి చూపిస్తాడని, పెద్ద సారు నోరు మూస్తాడని, ఏటేటా నన్ను తలచుకుంటారని అనుకున్నాను. నడిమి మడిలోకి ఎవరూ నన్ను తోయలేదు. కావాలనే పోయాను.

ఆ రోజు మంచు దట్టంగా ఉంది. క్యాంపు రైతు గట్టు మీద దుప్పటి కప్పుకుని నిలబడ్డాడు. "ఏమయ్యా, ఎనిమిదో తొమ్మిదో ఉన్నట్టున్నాయి లోపల. ఒక మగది దున్నపోతంత ఉందంటున్నారు. జాగ్రత్త సుమా, నీకేమన్నా అయితే మీ ఆవిడకి నేను సమాధానం చెప్పలేను."

"ఆమెకు నేనే చెప్పలేను దొరా, మీరేం చెప్తరు," అన్నాడు బాపు. అందరూ నవ్వారు.

మా మేనమామ, అవ్వకు ఒక్కడే తమ్ముడు, డబ్బా మెడలో వేసుకుని తిరుగుతున్నాడు. ఆయనకు ఆ బల్లెం మీద పిచ్చి. "బావా, గీ సారి నన్ను కూసోనియ్యి," అన్నాడు.

"నీ మోకాలు ఇంక నీ మాట ఇనది. డబ్బా కొట్టు పో."

"సూడు కోడలా, మీ బాపు నన్ను పోరగాన్ని జేస్తుండు," అని నా జడ గుంజి పోయాడు.

కూలీలు బీడీలు ముట్టించుకుంటున్నప్పుడు నేను గట్టు దిగాను. క్రిస్మస్ గౌను తొడుక్కుని వచ్చాను. చెరకు ఆకు చేతుల మీద గీరుకుంటూ, కళ్లు మూసుకుని నడిమి మడిలోకి దూరాను. లోపల వేడిగా ఉంది. బయట మంచు, లోపల వందల ఊపిరులు. ఒక కుందేలు నా పాదం మీద నుంచి పోయింది. మూడు గజాల దూరంలో నేల కదిలినట్టయింది. చూస్తే అది నేల కాదు, పంది వీపు. మట్టి అట్టకట్టిన వీపు, నిక్కబొడిచిన వెంట్రుకలు, ఆవిరి చిమ్మే ముట్టె. అది నన్ను చూసింది. నేను రెండు కాళ్లూ జోడించి నిలబడ్డాను. డబ్బాల చప్పుడు కోసం ఎదురుచూశాను. ప్రార్థన మాటలన్నీ మరచిపోయి, "నేనే ముందు, నేనే ముందు" అని మాత్రం అనుకున్నాను.

డబ్బాలు మోగాయి. పరుగెత్తాను.

చెరకు తెర దాటి వెలుగులోకి వచ్చేసరికి బల్లెం మొన నా రొమ్ముకు ఎదురుగా ఉంది. మొన వెనక బాపు కళ్లున్నాయి. ఆ కళ్లు నన్ను గుర్తుపట్టడం చూశాను. ఆయన పాదం లేచింది, బల్లెం పక్కకు పోయింది. ఎడమ చేత్తో నన్ను కొట్టినట్టుగా ఈడ్చి అవతల పడేశాడు. నా వెనకే వచ్చిన మగపందికి అడ్డంగా మిగిలింది ఆయన ఒంటి మోకాలు మాత్రమే.

కోర తొడ పైన దిగి మోకాలి దాకా చీల్చింది. తెల్లటి ఎముక కనిపించింది, ఆ వెంటనే నెత్తురు కమ్మేసింది. పంది తల విదిలించి, బోర్లా పడ్డ ఆయన్ని వెనక నుంచి మళ్లీ పొడిచింది. రోజూ బాపు వెంట తోటకు వచ్చే మా ఎర్ర కుక్క దాని చెవి పట్టుకుని వేలాడింది. పంది దాన్ని ఒక్క విసురుతో కడుపు నుంచి మెడ దాకా చీరేసింది. కుక్క అప్పటికీ చెవి వదల్లేదు. మామ డబ్బా పారేసి చెరకు కత్తితో పంది మెడ మీద నరికాడు. కూలీలంతా వచ్చి నరికారు. చచ్చిన తరువాత కూడా నరికారు. అది పంది అని పోల్చుకోలేనంతగా నరికారు. నా గౌను మీద పడ్డ నెత్తురు ఎవరిదో ఇప్పటికీ చెప్పలేను.

"కుక్క ఎన్క ఉరికిందా పిల్ల?" అని అరిచారు ఎవరో. "అవును, కుక్క ఎన్కనే," అన్నారు ఇంకెవరో. నేను తల ఊపాను.

బాపును నులక మంచం మీద బోర్లా వేసి, దగ్గరి దారని చెరకు నరుక్కుంటూ నడిమి మడిలోంచే బండి దాకా మోసుకుపోయారు. ఆయన మొహం మంచం అంచు నుంచి కిందికి వేలాడుతోంది. స్పృహ లేదనుకున్నాం.

బోధన్ సర్కారు దవాఖానలో నెల రోజులు ఉన్నాడు. కాలు నిలిచింది, వంగడం మానేసింది. ఒక సాయంత్రం అవ్వ నీళ్లకు పోయినప్పుడు నన్ను మంచం దగ్గరికి పిలిచాడు.

"నడిమి మడిల నీ అడుగులు సూసిన."

నేను ఆయన దుప్పటి అంచు మడత పెట్టసాగాను.

"కుక్క ఎన్క ఉరికినోళ్ల అడుగు ముందట లోతు పడ్తది. నీయి రెండు జోడుగ ఉన్నయి. మడిమలు దిగినయి. నిలవడ్డవు బిడ్డా. శానసేపు నిలవడ్డవు. దేనికి?"

అప్పుడు మిగతా కథ చెప్పాను. సర్వపిండి కోసం పుస్తకం మూసిన సంగతి కూడా చెప్పాను. బాపు పైకప్పు వైపు చూస్తూ విన్నాడు.

"మల్ల ఆ తండ్రి ఏం జేసిండు?"

"ఇచ్చేసిండు బాపు."

కట్టు కట్టిన తొడ మీద చెయ్యి పెట్టుకుని అన్నాడు: "గాయన పక్కపొంటి ఎవ్వలు లేకుండిరేమో, వద్దనేటోళ్లు." తరువాత నా వైపు తిరిగాడు. "మీ అవ్వకు చెప్పకు. కుక్క ఎన్కనే పోయినవు."

కోత పండుగ వచ్చింది. గుడి ముందు పందిట్లో బల్ల నిండా గుమ్మడికాయలు, సొరకాయలు, పసుపు కొమ్ములు, కట్టేసిన కోళ్లు. ఆరాధన అయ్యాక అన్నీ వేలం వేస్తారు. బల్ల మీదికి వచ్చింది ఏదైనా వేలం పోవలసిందే, అది ఆనవాయితీ. బాపు కర్ర పట్టుకుని వచ్చి వెనక కూర్చున్నాడు. అయ్యగారు ఆయన దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు: "నెత్తురు పడకుంట కాపాడితేనే గద మొక్కు? నీ నెత్తురు పడ్డది తమ్మీ. నీ మీద మొక్కు లేదు."

"కూలోని నెత్తురన్న అయ్యగారూ. ఒక్క కూలోనికి గీరుకపోలేదు. నేను ఆ మాటల లేను."

పెద్ద సారు లేచాడు. ఆయన చెడ్డవాడని నేను ఇప్పుడు అనను. వాక్యాన్ని బడిలో బెత్తం పట్టుకున్నట్టు పట్టుకున్నాడు, అంతే. "మొదట బయటికి వచ్చింది ఎవరో ఈ సంఘానికంతా తెలుసు," అన్నాడు. "చంపమని ఎవరూ అనరు. దూరపు మిషన్ హాస్టలుకు పంపండి. పెళ్లి, ఇల్లు లేకుండా సేవలో ఉండాలి. తండ్రి, తల్లి మళ్లీ నా బిడ్డ అనకూడదు. ఇచ్చింది ఇచ్చినట్టే."

అవ్వ లేచింది. అంత ఎత్తు మనిషి కాదు. బల్ల మీది సొరకాయ రెండు చేతులా ఎత్తి పెద్ద సారు భుజం మీద పగలగొట్టింది. గింజలు ఆయన తెల్ల చొక్కా మీద కారాయి. "నీ బిడ్డలు ముగ్గురున్నరు గద సారూ, మొదలు వాళ్లను పంపు! నేను ముగ్గురిని మట్టిల వెట్టిన. నాలుగోదాన్ని నీకిస్తనా?" మెడ పట్టుకోబోతే మామ వెనక నుంచి గట్టిగా పట్టుకున్నాడు. కోళ్లు తాళ్లు తెంపుకుని కొట్టుకుంటున్నాయి. మగవాళ్లు రెండు జట్లయ్యారు. ఒకడు ఇంకొకణ్ణి తోశాడు, పందిరి గుంజ విరిగింది, ఒకాయన నుదురు పగిలింది.

ఆ గొడవలో బాపు కుంటుతూ వచ్చి, నన్ను చంకలో ఎత్తుకుని బల్ల మీద గుమ్మడికాయల నడుమ కూర్చోబెట్టాడు. అందరూ ఆగిపోయారు. అవ్వ పెట్టిన కేక నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

"నేను మొక్కిన. గిదే మొదలొచ్చింది. ఇగో, బల్ల మీద పెట్టిన," అన్నాడు బాపు. "ఇగ అయ్యగారూ, మీరు ఒక పారి చెప్పిండ్రు. మనిషిని మొక్కుకుంటే బదులు ఇచ్చి ఇడిపించుకోవచ్చని దేవుడే రాయించిండని. ఔనా?"

"ఔను తమ్మీ," అన్నాడు అయ్యగారు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. "అట్ల రాసి ఉన్నది."

బాపు బయటికి పోయాడు. తిరిగివచ్చినప్పుడు చేతిలో బల్లెం ఉంది. ఆయన తండ్రిది, అంతకు ముందు ఆ తండ్రి తండ్రిది. చేతులు పట్టే చోట కర్ర నల్లగా నిగనిగలాడేది. దాన్ని నా ఒళ్లో అడ్డంగా పెట్టాడు.

"బిడ్డకు బదులు గిది. నా దగ్గర ఇంతకన్న పెద్దది లేదు. ఇగ పంది మీదికి పోను. పోతే దేవుడు నన్ను అడగాలె."

నన్ను దించి అవ్వకు ఇచ్చాడు. బల్లెం బల్ల మీద మిగిలింది. బల్ల మీద మిగిలినవన్నీ వేలానికి పోయాయి. బల్లెం వంతు వచ్చినప్పుడు మామ చెయ్యి ఎత్తాడు. ఎవరూ పోటీ రాలేదు. బాపు నోరు తెరిచాడు, మళ్లీ మూసుకున్నాడు. దేవునికి ఇచ్చినదాని మీద ఇక తనకు మాట లేదనుకున్నాడు. నేను మాత్రం అవ్వ మెడ చుట్టూ చేతులు వేసి సంతోషంగా ఉన్నాను. నేను అనుకున్నట్టే అయింది కదా. అందరి ముందు నన్ను ఎత్తుకున్నాడు, పెద్ద సారు నోరు మూశాడు.

మరుసటి ఏడు క్యాంపు రైతు నడిమి మడికి మామను పిలిచాడు. బాపు ఖాళీ చేతులతో గట్టు మీద నిలబడ్డాడు. వంగని కాలుతో అంత దూరం నడిచి వచ్చాడు, వద్దని చెప్పడానికి. మామ నవ్వాడు. "బావా, నీ దగ్గర్నే నేర్సుకున్న. మోకాలు ఏసుడు, మొన పెట్టుడు. ఏముంది?"

అంతకు రెండు రోజుల ముందు ఆ పక్క మడికి నీళ్లు వదిలారు. నేల మెత్తగా ఉంది. నీళ్లు కట్టే బాపుకు అది తెలుసు. "ఆడ వద్దు! ఇటు రా, గట్టి నేల మీద కూసో!" అని అరిచాడు. డబ్బాలు అప్పటికే మోగుతున్నాయి. పంది వచ్చింది. మామ మోకాలు కదలలేదు, అది మాత్రం చెబుతాను, ఆయన మోకాలు కదలలేదు. పంది మొన మీద సరిగ్గానే పడింది. కానీ బల్లెం మొదలు బురదలో కూరుకుపోయింది, కర్ర పైకి లేచింది, పంది దాని కిందుగా లోపలికి దూరింది.

బాపు గట్టు మీద నుంచి దూకాడు. ఒంటి కాలితో ఎట్లా పరుగెత్తాడో తెలియదు. పంది వెనక కాళ్లు రెండూ పట్టుకుని వెనక్కి గుంజాడు. అది తిరిగి ఆయన చెయ్యి కొరికింది, రెండు వేళ్లు పోయాయి. వదల్లేదు. కూలీలు వచ్చి నరికేదాకా వదల్లేదు. కానీ మామ కడుపులో అప్పటికే ఏమీ మిగల్లేదు. ఫ్యాక్టరీకి పోయే చెరకు బండి మీద, గడల మీదే పడుకోబెట్టి బోధన్ వైపు తోలారు. ఎద్దులు నెత్తురు వాసనకు బెదిరి నడవనన్నాయి. కాలువ వంతెన దాటకముందే ఆయన పోయాడు. ఆఖరికి అడిగింది ఒక్కటే: "పంది సచ్చిందా బావా?"

సమాధుల తోటలో గుంటను బాపే తవ్వాడు. చేతికి కట్టిన గుడ్డలోంచి నెత్తురు కారుతున్నా ఇంకొకరికి పార ఇవ్వలేదు. అయ్యగారు వాక్యం చదివాడు. మట్టి వేసే ముందు పెద్ద సారు మెల్లగా, తనలో తాను అన్నట్టు అన్నాడు: "తొందర మొక్కులకు ఫలితం ఇది. దేవుడు బదులుకు బదులు తీసుకున్నాడు."

అవ్వ విన్నది. అందరూ మళ్లీ సొరకాయ పగులుతుందనుకున్నారు. అవ్వ కదలలేదు. "దేవుని మీద ఎయ్యకు సారూ," అంది. "బల్లెం మనిషి ఇచ్చిండు. మనుషులు అమ్మిండ్రు. నా తమ్ముడు కొన్నడు. కుక్క ఎన్క ఉరికిన పసిపోరిది ఏం తప్పు, నా పెనిమిటిది ఏం తప్పు? దేవుడు నా తమ్ముని పేగులు ఏం జేసుకుంటడు?"

కుక్క ఎన్క ఉరికిన పసిపోరి. ఆ మాట నా ఛాతీలో గుచ్చుకుంది. ఆ క్షణాన నాకు అన్నీ తెలిశాయి. నేను కథ మధ్యలో మూసిన పుస్తకం, జోడించి నిలబడ్డ నా కాళ్లు, చీలిన బాపు తొడ, బల్ల మీది బల్లెం, ఈ గుంటలో ఉన్న మామ. ఒకదాని తరువాత ఒకటి, తాడు గుంజినట్టు. మా గుడిలో పాపం తెలిసినవాళ్లు లేచి అందరి ముందు ఒప్పుకుంటారు. నేనూ నోరు తెరిచాను. "అవ్వా, నేను కుక్క ఎన్క..."

బాపు చెయ్యి నా నోటి మీద పడింది. రెండు వేళ్లు లేని చెయ్యి. మట్టి, నెత్తురు, అయోడిన్ వాసన. దవడ ఎముక విరుగుతుందేమో అన్నంత గట్టిగా నొక్కాడు. నేను తన్నుకున్నాను. ఊపిరాడక కొరికాను. వదల్లేదు. ఆ చేత్తోనే నన్ను తన పక్కకు అదుముకుని, మట్టి వేయడం అయిపోయేదాకా అట్లాగే నిలబడ్డాడు. చూసేవాళ్లకు తండ్రి బిడ్డను ఓదారుస్తున్నట్టే ఉండి ఉంటుంది.

తిరిగివస్తుంటే కాలువ కట్ట మీద వదిలాడు. "ఇయ్యాల మీ అవ్వకు తమ్ముడే పోయిండు. నువ్వు చెప్తే బిడ్డ కూడ పోతది. నేనున్నన్ని దినాలు నీ నోరు మూసే ఉండాలె. నేను పోయినంక ఆమె ఉన్నన్ని దినాలు."

వారం రోజులు నా బుగ్గల మీద ఆయన మూడు వేళ్ల నలుపు ఉంది. అవ్వ చూసి, పళ్ల నొప్పా అని అడిగి, లవంగం పెట్టింది.

ఆ వేసవిలో మేము నిజామాబాద్ వచ్చేశాం. బాపు బస్టాండు దగ్గర ఒక గోదాముకు కాపలా ఉన్నాడు. చెట్లు లేని, అడుగులు పడని సిమెంటు నేల. మళ్లీ బోధన్ వైపు పోలేదు. క్రిస్మస్‌కు కోడిని కూడా అవ్వే కోసేది. ఆయన లేచి బయటికి పోయేవాడు. నాకు పెళ్లి చేశాడు. నా పిల్లల్ని భుజాల మీద మోశాడు. కోత పండుగ రోజు మాత్రం గుడికి వచ్చేవాడు కాదు. ఆ కథ గురించి మేమిద్దరం మళ్లీ ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన పోయినప్పుడు నేను ఏడుస్తూ మొదట వెతికింది ఆ చెయ్యినే.

అవ్వ పోయాక, మాట తీరిపోయింది కదా అని, సంఘంలో లేచి ఒప్పుకోవాలని మూడుసార్లు నిలబడ్డాను. మూడుసార్లూ దవడ బిగుసుకుపోయి, వానకు స్తోత్రమని చెప్పి కూర్చున్నాను. అందుకే ఇట్లా రాస్తున్నాను. నా విమోచకుడు సజీవుడని నాకు తెలుసు. ఆయన ఎదుట ఒక రోజు నిలబడతాను, నడిమి మడిలో ఎందుకు నిలబడ్డావని ఆయన అడుగుతాడు, అదీ తెలుసు. చెప్పడానికి నేను నోరు తెరుస్తాను. అప్పుడు వెనక నుంచి, మూడు వేళ్ల చెయ్యి ఒకటి వచ్చి నా నోరు మూస్తుంది. నా భయమూ అదే, ఆశా అదే.